మా అత్తయ్య డ్రమ్ములో ఉసిరి చెట్టు

మా అత్తయ్య కన్యకాపరమేశ్వరికి ఒక ఉసిరి చెట్టు ఉంది. అది మా కిరాణా కొట్టు మేడ మీద, పాత నూనె డ్రమ్ములో పెరుగుతోంది. ఏడాదంతా అక్కడే ఎండకీ వానకీ నిలబడి ఉంటుంది. కార్తీకమాసంలో ఒక్క ఆదివారం మాత్రం, కొట్లో మూటలు మోసే మనుషులు దానికి తాళ్ళు కట్టి మెట్ల మీంచి దించుతారు.

"కొమ్మ జాగర్త! గోడకి తగుల్తాంది, కళ్ళెక్కడ పెట్టేర్రా?" అని అత్తయ్య మెట్టు మెట్టుకీ అరుస్తుంది.

ఆ తర్వాత చెట్టు సరుకుల బండి ఎక్కి, రాయగడ బజారు మధ్యనుంచి పెళ్ళికొడుకులా ఊగుతూ, నాగావళి ఇసకకు వెళుతుంది. ఆ రోజు ఊళ్ళోని తెలుగు వర్తకుల కుటుంబాలన్నీ ఆ చెట్టు కిందే వనభోజనాలు చేస్తాయి. చెట్టు కింద అని పేరేగానీ దాని నీడ రెండు విస్తళ్ళకు మించి పడదు. మిగతావాళ్ళంతా షామియానా కింద కూర్చుంటారు.

అత్తయ్య పుట్టిల్లు భీమిలి. ఇంటి వెనక వీధి దాటితే సముద్రం. చిన్నప్పుడు సాయంత్రాలన్నీ ఇసకలోనే గడిచాయని, పీతల కన్నాల వెంట పరిగెత్తి గౌనంతా తడుపుకొని వచ్చి తన్నులు తినేదాన్నని చెబుతుంది. వాళ్ళ వనభోజనాలు కూడా సముద్రం ఒడ్డునే. ఇసకలో ఉసిరి చెట్టు ఎక్కడుంటుంది? అందుకని వాళ్ళ నాన్న ఎవరి తోటలోనుంచో ఒక కొమ్మ నరికి తెచ్చి ఇసకలో పాతేవాడట. సముద్రం గాలికి అది పడిపోతూ ఉంటే, పిల్లలు వంతులవారీగా పట్టుకొని నిలబడేవారట.

పెళ్ళయి రాయగడ వచ్చిన కొత్తలో మా మావయ్య మల్లేశ్వరరావును అడిగిందట, "ఈ ఊరికి సముద్రం ఎటేపండీ?" అని. ఆయన తక్కువ మాటల మనిషి. కాస్త ఆలోచించి, "నాగావళి పట్టుకొని కిందకి పోతే, సీకాకుళం దాటేక తగుల్తాది" అన్నాడట. సముద్రానికి వెళ్ళే నీళ్ళే కదా అని అత్తయ్య ఆ నది ఇసకతో సరిపెట్టుకుంది. కార్తీకం వచ్చేసరికి నలుగురైదుగురు ఆడవాళ్ళను కూడగట్టి అక్కడ వనభోజనం పెట్టింది. తండ్రిలాగే ఒక కొమ్మ తెచ్చి పాతింది. అది మధ్యాహ్నానికే వాడిపోయి తల వేలాడేసింది. "ఎండిపోయిన కొమ్మ కింద కూకోబెట్టీసేవేటి తల్లీ!" అని ఎవరో నవ్వారు. ఆ మాట ఆమెకు మనసులో ఉండిపోయింది. ఒక మొక్క తెచ్చి డ్రమ్ములో వేసింది.

చెట్టు పెరిగింది గానీ కాయ మాత్రం కాయలేదు. కార్తీకంలో కాయలేని ఉసిరి కింద ఎలా కూర్చోవడం? అత్తయ్య సంతలో కొండవాళ్ళు అమ్మే ఉసిరికాయలు కొని, ముందురోజు సాయంత్రం మేడ మీద కూర్చుని, ఒక్కొక్క దాన్నీ ఆకుపచ్చ దారంతో కొమ్మలకు కట్టేది. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఆదివారం ఉసిరికాయ నోట పెట్టకూడదన్న నియమం మా వాళ్ళలో గట్టిది కాబట్టి ఎవరూ కోయబోరు, దారం గుట్టు దారానిదే.

నేను చదువుకున్నది బాటనీ. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది ఉండబట్టలేక చెప్పాను. "అత్తయ్యా, ఉసిరి ఒంటరిగా ఉంటే సరిగ్గా కాయదు. దాని పుప్పొడి దానికి పనికిరాదు. పక్కన ఇంకో చెట్టు ఉండాలి."

అత్తయ్య నీళ్ళ చెంబు కింద పెట్టి నావైపు తిరిగింది. "అంటే దాని పక్కన ఇంకోదాన్ని తెచ్చి పెట్టమంటావా? ఒకే డాబా మీద రెండుంటే ఏటవుద్దో నీకు తెలీదమ్మీ. నువ్వింకా సిన్నపిల్లవి."

అప్పటికి మా చిన్నత్త గౌరీశ్వరి ఈ ఊరు రాలేదు.

గౌరీశ్వరి మావయ్య తమ్ముడి భార్య. పెళ్ళయిన దగ్గర్నుంచి మునిగుడలో స్టేషను దగ్గర కొట్టు నడిపారు. చింతపండు, ఇప్పపువ్వు, తేనె కొనడానికి కొండవాళ్ళతో బేరాలాడి, వాళ్ళ మాట కొంత, వాళ్ళ నడక బాగా నేర్చుకుంది. రెండేళ్ళ కిందట వాళ్ళు రాయగడ వచ్చి సిమెంటు కొట్టు పెట్టారు. వచ్చిన నెలలోపే ఆమె తెల్లవారుజామున నడవడం మొదలుపెట్టింది. చీర మీద పరుగు పందెం బూట్లు. మొదట ఒక్కతే, తర్వాత పక్కింటావిడ, ఆ తర్వాత బజారు బజారంతా. సెలవు రోజుల్లో ఆ మందను వెంటేసుకొని కొండ బాటలు పట్టేది, జలపాతాల కింద నిలబెట్టి ఫోటోలు తీసేది.

"సీర మీద బూట్లేటమ్మి? పోలీసోళ్ళ లాగ!" అంది అత్తయ్య.

కానీ ఆ ఫోటోలు వాట్సాప్‌లో రాగానే నా ఫోను లాక్కొని, వేళ్ళతో పెద్దవి చేసి చూసేది. "ఆ వెనకాల పళ్ళన్నీ పెట్టి నవ్వుతున్నాదెవరు? రామ్‌ప్రసాద్ పెళ్ళాం కాదూ? మన ఇసకలో ఒక్కసారైనా అలా నవ్విందా అది?"

"నీళ్ళు చల్లగా ఉంటాయి కదా అత్తయ్యా, అందుకు."

"నాగావళి నీళ్ళేటి, మరగబెట్టి వదుల్తున్నారా?"

ఒకరోజు పొద్దున్నే మేడ మీద టపటప చప్పుడు. మా అమ్మాయి సుభశ్రీకి అయిదేళ్ళు. పైకి పరిగెత్తి, అంతే వేగంగా దిగి వచ్చింది. "అమ్మా, నానమ్మ చెట్టుకి ప్రదక్షిణలు చేస్తోంది! బూట్లేసుకొని!"

వెళ్ళి చూస్తే నిజమే. చిన్నత్త వేసుకునే రకం బూట్లే, రంగు మాత్రం వేరు. డ్రమ్ము చుట్టూ చేతులు ఊపుకుంటూ నడుస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది. "కాళ్ళకి వాతం. డాక్టరు ఏసుకోమన్నాడు" అంది. ఏ డాక్టరని నేను అడగలేదు. మర్నాటి నుంచి ఆ బూట్లు బియ్యం డబ్బా వెనక దాక్కున్నాయి.

నవ్వుకున్నానే గానీ, నాకూ ఆ మంట తెలియనిది కాదు. సుభశ్రీకి జ్వరమొస్తే ఏ దోమ కుట్టిందోనని నిద్రపోని తల్లిని నేను. నదికి వెళ్తే కర్రతో లోతు చూసిగాని దిగనివ్వను. అలాంటి నా పిల్ల నా చెయ్యి విడిపించుకొని, చిన్నత్త వేలు పట్టుకొని బండరాళ్ళ మీద గెంతుతుంటే, పడుతుందేమోనన్న భయం ఒకవైపు, పడకుండా గెంతుతోందే అన్న బాధ ఒకవైపు.

కిందటి ఏడు కార్తీకానికి ముందు మా హాల్లో అందరూ కూర్చున్నారు. వర్తక సంఘం పెద్ద రామ్‌ప్రసాద్ గొంతు సవరించుకొని, "పరమేశ్వరమ్మ గారూ, ఏమీ అనుకోకండి. ఈసారి మార్పుగా కొండకెళ్దామంటున్నారు కుర్రాళ్ళు" అన్నాడు.

అత్తయ్య కుర్రాళ్ళ కోసం హాలంతా చూసింది. అక్కడ కుర్రాళ్ళెవరూ లేరు. చిన్నత్త ఉంది.

"బిస్సమ్ కటక్ రోడ్డులో, వాగు పక్క నుంచి బాటుందక్కా" అంది చిన్నత్త. "పిల్లలు కూడా ఎక్కీగలరు. పైన పెద్ద బండ, పక్కన జలపాతం. బండ మీదే ఇంతలావు ఉసిరి సెట్టు. మొన్న ఎల్లినప్పుడు సూసేను, కాయలు గుత్తులు గుత్తులు. దారం పనే లేదు."

హాలంతా ఘొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా అత్తయ్యే నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ గ్లాసులు సింకులో పడేసిన చప్పుడు వీధిలోకి వినబడింది.

"అక్కడ బాగుంటే ఇక ఏటేటా అక్కడే పెట్టీసుకుందాం" అని రామ్‌ప్రసాద్ తేల్చాడు.

ఆ సాయంత్రం అత్తయ్య చెట్టుకు నీళ్ళు పోసింది. తర్వాత ఆకులు తడుముతూ అంది. "కార్తీకం వచ్చిందంటే నాకు ఎన్ని ఫోన్లమ్మీ. పరమేశ్వరమ్మా బండి ఎన్నింటికి, పరమేశ్వరమ్మా పులిహోర మేం తెత్తాం, పరమేశ్వరమ్మా మొదటి దీపం నువ్వెట్టేకే మేం పెడతాం. ఇదంతా నా మొహం సూసి కాదు, దీన్ని సూసి. ఇది మెట్లు దిగకపోతే నన్నెవరు పిలుస్తారు?"

"అలా ఏం కాదు అత్తయ్యా."

"నువ్వు ఊరుకో. అక్కడ బాగుంటాది. బాగుండి తీరుతాది. అది సేసింది ఏది బాగోలేదు కనక?"

వనభోజనానికి రెండు రోజుల ముందు సంతకు వెళ్ళాం. కొండ ఆడవాళ్ళు ఉసిరికాయలు కుప్పలు పోసుకొని కూర్చున్నారు. అక్కడ చిన్నత్త వాళ్ళ భాషలో ఏదో బేరమాడుతూ సంచీ నిండా కాయలు పోయించుకుంటోంది. మమ్మల్ని చూసి సంచీ చంక కిందకి తోసింది. "ఏటక్కా, సంతకొచ్చేరా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

అత్తయ్య కళ్ళు చిన్నవయ్యాయి. "సూసేవా? ఊరగాయ పెడతాది. నా ఊరగాయని అందరూ మెచ్చుకుంటారని ఇప్పుడు దాని మీద కూడా పడింది. సెట్టు సాల్లేదు దానికి."

వెంటనే రెండింతలు కాయలు కొంది. ఆ రాత్రి, మర్నాడు పగలు నేనూ ఆమె కాయలు గీరి, ఆవపిండి కొట్టి, రెండు జాడీల ఊరగాయ పెట్టాం. ఆదివారం పొద్దున్న సామాన్లు సర్దుతుంటే మావయ్య వచ్చి జాడీలను చూశాడు.

"ఇవాళ ఆదివారం కదా. ఉసిరికాయ ఎవరు తింటారు?"

అత్తయ్య జాడీ మూత మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత, "దానికీ గుర్తు లేదులే. అదీ మోసుకొస్తాది సూడండి" అంది. కానీ వాగు దగ్గర బండి దిగాక చూస్తే చిన్నత్త సామాన్లలో ఊరగాయ కనబడలేదు. అత్తయ్య రెండుసార్లు వెతికింది.

ఆ పొద్దున్న ఇంటి దగ్గర బయల్దేరే ముందు అత్తయ్య ఒక్కతే మేడెక్కి వచ్చింది. కాళ్ళకు బూట్లున్నాయి. ఈసారి దాచలేదు.

వాగు దగ్గర బండ్లు ఆపి బాట పట్టాం. గుగ్గిలం చెట్ల నీడ. తడి రాళ్ళు. నా సంచీలో దోమల మందు, కట్టు గుడ్డలు, ఉప్పు పంచదార పొట్లాలు. సుభశ్రీ చిన్నత్త వేలు పట్టుకొని అందరికంటే ముందుంది. అత్తయ్య నా భుజం పట్టుకొని రొప్పుతూ ఎక్కింది, అయినా మాట ఆపలేదు.

"ఇదీ ఒక కొండేనా? మా భీమిలి కొండలో సగం లేదు."

"ఈ నీళ్ళ చప్పుడేటమ్మి, మనిషి మాట వినపడదు."

"జెలగలుంటాయేమో సూడు. ఉంటే దానికి సెప్పకు, నాకు సెప్పు."

పైకి చేరాక మాత్రం మాట పడిపోయింది. నల్లటి బండ, దాని అంచున తెల్లగా దూకే నీళ్ళు, మధ్యలో ఉసిరి చెట్టు. సన్నటి ఆకుల్లోంచి ఎండ జల్లెడ పట్టినట్టు రాలుతోంది. కొమ్మ కొమ్మకీ కాయలు. జనమంతా "అబ్బా" అన్నారు. రామ్‌ప్రసాద్ భార్య మళ్ళీ పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

"ఎవరూ ముట్టుకోకండి!" అంది చిన్నత్త. "ఆదివారం. కోస్తే దోషం. దూరం నుంచే దణ్ణం పెట్టుకోండి."

నియమాలను ఎప్పుడూ అంతగా పట్టించుకోని మనిషి ఆమె. నాకు కొంచెం వింతగా అనిపించింది. కాయలు కూడా వింతగానే వేలాడుతున్నాయి. ఉసిరికాయ కొమ్మను అంటిపెట్టుకొని ఉంటుంది, ఇలా ఊగదు. కానీ అదే సమయంలో సుభశ్రీ నీళ్ళ వైపు నడిచింది. నేను పరిగెత్తాను.

మొదటి దీపం చిన్నత్తే పెట్టింది. అందరూ కళ్ళు మూసుకొని దణ్ణం పెట్టుకున్నారు. అత్తయ్య కూడా చేతులు జోడించింది గానీ కళ్ళు మూయలేదు. ఆ దీపాన్ని ఆర్పేసేలా చూస్తూ నిలబడింది.

విస్తళ్ళు వేశారు. పులిహోర, కంద బచ్చలి కూర, గుమ్మడికాయ దప్పళం, బూరెలు. పిల్లలు తాడులాట ఆడారు. మధ్యాహ్నం ఎవరికి వాళ్ళు బండ మీద నడుం వాల్చారు. అత్తయ్య చెట్టుకు వీపు ఆనించి, రామ్‌ప్రసాద్ పక్కనే కూర్చుని ఉంది. "వచ్చే ఏడు కూడా ఇక్కడే అనుకుంటున్నాం" అని అతను చెబుతున్నాడు. ఆమె తల ఊపుతోంది.

అప్పుడు సుభశ్రీ వచ్చి పిడికిలి చాపింది.

"నానమ్మా, ఈ కాయకి తోకుంది!"

పిడికిట్లో ఉసిరికాయ. దాని కాడ నుంచి జానెడు దారం వేలాడుతోంది. అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుంది.

నేను ఎదురుగా ఉన్నాను. అత్తయ్య మొహం చూశాను. సంతలో చంక కిందకి తోసిన సంచీ, కనబడని ఊరగాయ, ముట్టుకోవద్దన్న కేక, అన్నీ ఒక్కొక్కటే ఆ కళ్ళలోకి వచ్చి కూర్చున్నాయి. తర్వాత ఆ మొహం వెలిగింది. పొద్దున్న చిన్నత్త పెట్టిన దీపం కంటే బాగా వెలిగింది.

"ఏటండీ అది?" అన్నాడు రామ్‌ప్రసాద్ మెడ చాపుతూ.

చెయ్యి పైకెత్తి చూపిస్తే చాలు. దారం పనే లేదని నవ్విన జనమంతా అక్కడే ఉన్నారు. బండకు అవతలి అంచున చిన్నత్త గిన్నెలు కడుగుతూ ఆగిపోయింది. ఆమె చూసింది. చేతిలో గిన్నె నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తెలియడం లేదు.

అత్తయ్య పిడికిలి మూసింది.

"ఏటీ లేదు. పురుగు కాయ" అంది. దాన్ని కొంగున ముడేసుకొని లేచింది. బూట్లు టపటపలాడిస్తూ చిన్నత్త దగ్గరికి వెళ్ళింది. సుభశ్రీ ఇంకో తోక కోసం అటు వెళ్ళబోతే పట్టుకోవడానికి నేనూ వెంట వెళ్ళాను.

"ఎప్పుడు కట్టేవే?" అంది అత్తయ్య, గొంతు తగ్గించి.

"నిన్న. ఆయన్ని తీసుకొచ్చి." చిన్నత్త తల ఎత్తలేదు. "మొన్న సూసినప్పుడు నిండా ఉన్నాయక్కా, నా మీదొట్టు. సంతకని కొండోళ్ళు మొత్తం రాల్సీసేరు. ఆకులే మిగిల్నాయి. అందరికీ సెప్పీసేను కదా, ఏటి సెయ్యమంటావు?"

"నన్నడగాల్సింది."

"నిన్నా? ఊరంతా డప్పు కొట్టీదానివి."

అత్తయ్య ఒక్క క్షణం ఆలోచించింది. "కొట్టీదాన్నే" అంది.

చిన్నత్తకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య నవ్వలేదు. చెట్టు దగ్గరికి నడిచి, దణ్ణం పెడుతున్నట్టు కొమ్మ మీద చెయ్యి వేసి, జారబోతున్న ఇంకో కాయను పట్టుకుంది. "ఇలాగేనేటి ముడెయ్యడం? గాలేస్తే అన్నీ రాల్తాయి, పరువు పోద్ది. రెండు సుట్లు తిప్పి, కాడ కింద నుంచి లాగాలి. ఇదిగో, ఇలాగ." వేళ్ళు క్షణంలో పని ముగించాయి. "ఇంకా ఎక్కడెక్కడ ఒదులుగా ఉన్నాయో సూపించు."

తోటికోడళ్ళిద్దరూ ప్రదక్షిణ చేస్తున్నట్టు ఆ చెట్టు చుట్టూ తిరగడం చూసి, "ఎంత భక్తో!" అంది రామ్‌ప్రసాద్ భార్య.

దిగే ముందు రామ్‌ప్రసాద్ మళ్ళీ ఆ మాట ఎత్తాడు. "అయితే వచ్చే ఏడు కూడా..."

"ఇసకలోనే పెట్టుకుందాం" అంది చిన్నత్త, అతని మాట పూర్తికాకముందే. "పెద్దోళ్ళు ఎక్కలేకపోతున్నారు. అక్క సెట్టు ఉందిగా."

అందరూ సరేనన్నారు. మా మావయ్య అత్తయ్య వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆమె మాత్రం ముఖం ముడుచుకొని బాట దిగింది.

బండిలో నా పక్కన కూర్చుంది. సుభశ్రీ నా ఒళ్ళో నిద్రపోయింది. పడకుండా, దోమ కుట్టకుండా, మునగకుండా ఆ రోజు గడిచింది. నాకు కొంచెం ఊపిరి ఆడింది.

"మీ చెట్టు మళ్ళీ దిగుతుంది కదా అత్తయ్యా. ఇంకా కోపమేంటి?"

"అది సెప్తే దిగాలా నా సెట్టు? పెద్దోళ్ళు ఎక్కలేకపోతున్నారంట. నాను ఎక్కలేదా? బూట్లేసుకొని ఎక్కేను!"

తర్వాత కొంగు ముడి విప్పి, కాయను అరచేతిలో పెట్టుకొని, దారాన్ని వెలుతురుకి పట్టి చూసింది. అది ఆకుపచ్చది కాదు. ఎండు గోధుమరంగు, అచ్చం ఉసిరి రెమ్మ రంగు. కొమ్మ మీద ఉంటే దగ్గరకెళ్ళినా కనబడదు.

"ఇన్నేళ్ళు కట్టేను" అంది తనలో తనే. "నాకెందుకు తట్టలేదమ్మీ ఇది?"

బండి నాగావళి వంతెన ఎక్కింది. అత్తయ్య ఆ దారాన్ని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. ఊళ్ళోకి వచ్చాక నా వైపు వంగి, ఎవరూ వినకుండా అడిగింది.

"రేపు మీ సిన్నత్తతో నడకకెల్లు. ఈ దారం ఏ కొట్లో కొందో కనుక్కో. నాను అడిగేనని మాత్రం సెప్పకు."